దసరా నుంచి సంక్రాంతి దాకా దగ్గే, కపాలభాతి మొదలెట్టాక ఇంకా ఎక్కువైంది... బెంగళూరులో ఎవరికైనా ఇలా ఉందా?

గుంటూరోడు_మున్నెకొళాల:

అందరికీ నమస్తే. పోస్ట్ కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

నాకు 34. బెంగళూరు వచ్చి నాలుగేళ్ళయింది, మున్నెకొళాలలో మూడో ఫ్లోర్. మొదటి ఏడాది ఏం లేదు గానీ రెండో ఏడాది నుంచి ఒకటే వరస, దసరాకి ఊరెళ్ళి తిరిగొచ్చిన వారానికి దగ్గు మొదలవుద్ది, మళ్ళీ సంక్రాంతికి ఊరెళ్తే రెండు రోజుల్లో మాయం. జ్వరం ఉండదు, కఫం కూడా పెద్దగా ఉండదు, పొడి దగ్గు, రాత్రి రెండింటికీ మూడింటికీ లేపేసుద్ది. నాతో పాటు మా ఆవిడ కూడా లేచి కూర్చుంటది పాపం. ఆఫీస్ కాల్స్‌లో మ్యూట్ తీయాలంటేనే భయం.

ఈసారి ముందే జాగ్రత్త పడదామని సెప్టెంబర్ నుంచి ప్రాణాయామం పట్టుకున్నా. అమ్మ కపాలభాతి చెయ్యరా ఊపిరితిత్తులు శుభ్రమైపోతాయి అంది, వీడియోలో ఒకాయన కూడా అదే చెప్పాడు. పొద్దున్నే 5:30కి లేచి బాల్కనీలో చాప వేసుకుని కపాలభాతి, అంటే పొట్ట లోపలికి లాగి ముక్కుతో గాలి విసురుగా వదలడం, మొదట్లో 100, ఇప్పుడు 300 దాకా కొడుతున్నా, ఆ తర్వాత భస్త్రిక, అంటే కొలిమితిత్తిలా గట్టిగా పీల్చి గట్టిగా వదలడం. సెప్టెంబర్‌లో బానే ఉండేది, హుషారుగా కూడా ఉండేది. ఈ అక్టోబర్ వచ్చిన దగ్గర్నుంచి సగంలోనే గొంతు గరగరమంటది, దగ్గొచ్చేస్తది, ఛాతీ పట్టేసినట్టు ఉంటది, రెండుసార్లు కళ్ళు కూడా తిరిగాయి. అమ్మేమో అది లోపలున్న కఫం కదిలి బయటికొస్తోంది మంచిదే మానొద్దు అంటది.

నిజంగా శుభ్రమవుతోందా లేక నన్ను నేనే పాడు చేసుకుంటున్నానా? ఈ కాలంలో ఏ ప్రాణాయామం మంచిది, ఎప్పుడు చేయాలి? దీపావళి కూడా వచ్చేస్తోంది, పోయినేడు ఆ రాత్రి నరకం చూశా.

ఇంకో మాట, పోయినేడు ఒక డాక్టర్ ఇన్‌హేలర్ రాశాడు. రెండు వారాలు వాడి తగ్గగానే ఆపేశా. అలవాటు పడిపోతే జీవితాంతం వదలదు అన్నారు మా ఇంట్లో. అందుకే యోగాతో పోగొట్టుకుందామని.


జిగణి_యోగా_అక్క:

తమ్ముడూ ముందు ఆ 300 ఆపెయ్. రేపటి నుంచి కాదు, ఇవాళ్టి నుంచే.

నేను జిగణి వైపు యోగా థెరపీ కోర్సు చేసి పదకొండేళ్ళుగా జేపీ నగర్‌లో క్లాసులు చెప్తున్నా. ప్రతి ఏడాదీ దసరా అయ్యాక ఇదే కంప్లైంట్‌తో నలుగురైదుగురు వస్తారు, అందరూ వీడియో చూసి కపాలభాతి మొదలుపెట్టినవాళ్ళే. అసలు సంప్రదాయంలో కపాలభాతి ప్రాణాయామమే కాదు, ముక్కు కడిగే నేతి, పొట్ట కడిగే ధౌతి లాంటి వాటితో కలిపి షట్కర్మల్లో చెప్పారు, అంటే శుద్ధి క్రియ. ఆరోగ్యంగా ఉన్నవాడికి, నేర్పేవాళ్ళ ఎదురుగా, లెక్క పెట్టుకుని చేయించేది. బీపీ ఉన్నవాళ్ళకి, గర్భిణులకి, హెర్నియా ఉన్నవాళ్ళకి, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళకి మేం అస్సలు చెప్పం. దగ్గు ఉన్నవాడికి కూడా చెప్పం. నీ గొంతు గరగరమంటోందంటే కఫం కదులుతున్నట్టు కాదు, శ్వాసనాళాలు రేగి ముడుచుకుంటున్నట్టు. చల్లటి గాలిని అంత వేగంగా లోపలికీ బయటికీ కొడితే ముక్కుకి దాన్ని వేడి చేసి తడి చేసే టైమ్ ఎక్కడుంది చెప్పు. కళ్ళు తిరగడం కూడా సిద్ధి ఏం కాదు, కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతే మెదడుకి వెళ్ళే రక్తనాళాలు బిగుసుకుంటాయి, అందుకని తిరుగుతాయి.

మరి ఏం చెయ్యాలి అంటావా. మొదటి వారం ప్రాణాయామం అన్న మాటే మర్చిపో. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేసి వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, ఒక చెయ్యి పొట్ట మీద ఒకటి ఛాతీ మీద పెట్టుకో. పొట్ట మీది చెయ్యి లేవాలి, ఛాతీ మీది చెయ్యి కదలకూడదు. వినడానికి ఇంత ఈజీగా ఉందా, చేసి చూడు, నూటికి తొంభైమందికి మొదటిరోజు ఛాతీయే లేస్తుంది. ఐదు నిమిషాలు చాలు. అది కుదిరాక లెక్క: మనసులో నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో పీల్చడం, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలడం. పట్టుకోవద్దు. కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, దాని జోలికే వెళ్ళొద్దు. వదిలేటప్పుడు బుడగలోంచి గాలి దానంతటది జారిపోతున్నట్టుండాలి, నెట్టకూడదు. ఆరు కష్టంగా ఉంటే ఐదు చెయ్, ఎవరూ మార్కులు వెయ్యరు.

రెండో వారం నుంచి నాడీశోధన, అంటే ఒక ముక్కుతో పీల్చి రెండో ముక్కుతో వదలడం, అదీ కుంభకం లేకుండా, తొమ్మిది చుట్లు. ముక్కు ఒకవైపు బిగుసుకుపోయిన రోజు బలవంతంగా అదే వైపు నుంచి లాగొద్దు, ఆరోజుకి మానెయ్. చివర్లో భ్రామరి, పెదాలు మూసి పళ్ళు కాస్త ఎడంగా ఉంచి తుమ్మెద ఝుంకారం, ఐదో ఏడో సార్లు. అందరూ భ్రామరిని చిన్నచూపు చూస్తారు గానీ నేనైతే ఈ కాలానికి అదే ఫస్ట్ అంటాను, ఎందుకంటే గుమ్మ్ అని సాగదీస్తే చచ్చినట్టు శ్వాస పొడుగవుతుంది, లెక్కలు అక్కర్లేదు. స్వీడన్ వాళ్ళు 2002లో కొలిచి చూస్తే ఇలా గుంజారవం చేస్తూ వదిలినప్పుడు ముక్కులోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ మామూలుగా వదిలినప్పటికంటే 15 రెట్లు ఎక్కువ ఉందట, సైనస్‌ల్లో గాలి కదులుతుందన్నమాట.

ఇక ఇన్‌హేలర్ సంగతి. యోగా నేర్పేదాన్ని నేనే చెప్తున్నా, అది ఆపి యోగా చెయ్యడం తప్పు. మన బెంగళూరులోనే నాగరత్న గారు, నాగేంద్ర గారు ఆస్థమా వాళ్ళ మీద చేసిన స్టడీ 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 53 మందికి రెండు వారాలు నేర్పించి రోజూ 65 నిమిషాలు చెయ్యమన్నారు, ఇంకో 53 మంది మామూలు మందులతోనే ఉన్నారు. యోగా చేసినవాళ్ళకి అటాక్‌లు తగ్గాయి, మందుల అవసరం తగ్గింది, పీక్ ఫ్లో, అంటే గాలిని గట్టిగా వదిలే వేగం, పెరిగింది. గమనించు, 65 నిమిషాల్లో ఆసనాలు, సూర్యనమస్కారాలు, ప్రాణాయామం, ధ్యానం, భజన అన్నీ ఉన్నాయి. మందు అవసరం తగ్గితే తగ్గించారు గానీ, మొదటిరోజే మందు అవతల పారేసి 300 కపాలభాతి కొట్టమనలేదు.


బెళ్ళందూరు_బాధితుడు:

బ్రో ఒక్క ప్రశ్న. బాల్కనీ అన్నావు కదా, ఏ వైపు బాల్కనీ? రింగ్ రోడ్డు మెట్రో పనుల వైపయితే ఆ గాలిని ప్రాణవాయువు అని పిలవడమే తప్పు. అక్కడ మనం ఊపిరి పీల్చేది బతకడానికి సరిపడా మాత్రమే, ఎక్స్‌ట్రా పీల్చకూడదు 😄


గుంటూరోడు_మున్నెకొళాల:

@జిగణి_యోగా_అక్క థ్యాంక్యూ అక్కా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. నిన్న రాత్రి పడుకుని చూశా, నువ్వన్నట్టు ఛాతీయే లేస్తోంది, పొట్ట రాయిలా ఉంది.

@బెళ్ళందూరు బ్రో రోడ్డు కొంచెం దూరమే, కానీ ఎదురుగా ఖాళీ ప్లాటు, దాని పక్కన కొత్త అపార్ట్‌మెంట్ కడుతున్నారు. ప్లాటు నిండా తెల్లపూల మొక్కలు నడుం ఎత్తు. ఇంక మా బాల్కనీలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కింద పావురాలు కాపురం పెట్టాయి. మా ఆవిడ వాటికి రోజూ గింజలు వేస్తది.


ఫిజియో_అనంతపురం:

అన్నా, నీ రెండో పోస్టులోనే జవాబంతా ఉందప్పా. తెల్లపూల మొక్క, పావురాలు, కట్టడం దుమ్ము, పొద్దున్నే 5:30. ఈ నాలుగింటి మధ్య కూర్చుని నువ్వు భస్త్రిక చేస్తాండావు.

నేను ఛాతీ ఫిజియోథెరపిస్టును, ఇక్కడే ఒక ఆస్పత్రిలో. ఒక్కొక్కటిగా చెప్తా. ఆ తెల్లపూలు పార్థీనియం, మన పల్లెల్లో వయ్యారిభామ అంటారే అదే. వానలకి ఖాళీ ప్లాట్లలో ఇట్లే లేస్తుంది, దాని పుప్పొడి చాలామందికి పడదు, కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు కూడా వస్తాయి. సంక్రాంతికి ఊరికి పోతే రెండు రోజుల్లో తగ్గిపోతాంది అన్నావు చూడు, అది పెద్ద క్లూ. నీ ఊపిరితిత్తుల్లో ఏదో పేరుకుపోయి ఉంటే ఊరికి పోయినంత మాత్రాన ఎట్ల తగ్గుతుంది? ఇక్కడ ఉండేదేదో నీకు పడట్లేదు. పావురాల సంగతి ఇంకా సీరియస్. వాటి రెట్టలు ఎండి పొడై గాలిలో కలిస్తే కొందరికి ఊపిరితిత్తులే వాచిపోతాయి, ఏళ్ళ తరబడి అట్లే పీలిస్తే గట్టిపడిపోతాయి కూడా. వదినకు చెప్పు, గింజలు పార్కులో కూడా వేయొద్దని. ఆ రెట్టలు ఎండినవి ఎండినట్టే చీపురుతో ఊడ్చొద్దు, నీళ్ళు చల్లి తడిపి, మాస్క్ పెట్టుకుని తీయండి.

పొద్దున 5:30 గాలి స్వచ్ఛం అని మనందరి నమ్మకం. పల్లెలో అయితే సరే. సిటీలో ఈ కాలం రాత్రుళ్ళు నేల తొందరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి కిందే కూర్చుంటుంది, పైన వెచ్చటి గాలి కుండ మీద మూత మాదిరి ఉంటుంది. రాత్రంతా తిరిగిన లారీల పొగ, చెత్త కాల్చిన పొగ అంతా ఆ మూత కిందే. మంచు పట్టినట్టు కనిపించేదంతా మంచు కాదన్నమాట. ఎండ బాగా ఎక్కి నేల వేడెక్కినాక ఆ మూత లేస్తుంది. అంతసేపు ఉండలేవంటే కిటికీలు మూసి లోపల చేసుకో. గాలి నాణ్యత ఫోన్‌లో చూసుకునేటప్పుడు ఒట్టి రంగు కాదు, పీఎం 2.5, అంటే గాలిలోని అతిసన్నటి దుమ్ము, దాని అంకె చూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన రోజు పరిమితి 15 మైక్రోగ్రాములు, మన దేశ పరిమితి 60. మన యాప్‌లో పచ్చగా కనిపించినా వాళ్ళ లెక్కకి దాటిపోయి ఉండొచ్చు.

ఇంక శుభ్రం చేయడం గురించి. ఊపిరితిత్తులకి సొంతంగా కండరాలు లేవన్నా, లాగేది కింద ఉన్న డయాఫ్రం, పక్కటెముకల మధ్య కండరాలు. లోపలి చెత్తని బయటికి తోసేది శ్వాసనాళాల్లో ఉండే సన్నటి నూగు, అది రాత్రీ పగలూ జిగురుని పైకి నెడుతానే ఉంటుంది. మనం ఊది ఊది శుభ్రం చేసేదేమీ లేదు. ప్రాణాయామం చేసేది ఏందంటే ఆ కండరాలకి పని నేర్పడం, ఊపిరి వేగం తగ్గించడం, భయాన్ని తగ్గించడం. మామూలుగా మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు పీలుస్తాడు. అక్క చెప్పిన నాలుగు ఆరు లెక్క కుదిరితే ఆరుకి వస్తుంది. ఉబ్బసం ఉన్నోళ్ళకి కష్టం గాలి పీల్చడంలో కంటే వదలడంలోనే ఎక్కువ, నాళాలు ఇరుకై పాతగాలి లోపలే ఇరుక్కుపోతుంది, దాని మీద ఇంకా గట్టిగా పీలిస్తే ఇంకా ఉబ్బుతుంది. అందుకే మేం ఆస్పత్రిలో కూడా పెదాలు ఈల వేసినట్టు పెట్టి మెల్లగా వదలమంటాం. 2016లో 15 స్టడీలు, 1048 మంది లెక్కలు ఒకచోట పెట్టి చూసినారు, యోగాతో ఉబ్బసం వాళ్ళకి లక్షణాలు, రోజువారీ జీవితం కొంచెం మెరుగయినాయి అని తేలింది. కొంచెం. ఆ మాట మర్చిపోవద్దు.

రాత్రి రెండు మూడింటికి లేపే పొడి దగ్గు, కాలాన్ని బట్టి రావడం, ఇన్‌హేలర్‌తో తగ్గిపోవడం... నేను డాక్టర్ను కాదు కాబట్టి పేరు పెట్టను, నువ్వు మాత్రం ఛాతీ డాక్టర్ దగ్గరికి పోయి స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష, చేయించుకో. అలవాటు పడతాం అనే భయానికి ఒక లెక్క చెప్తా. ఆయాసానికి ఇచ్చే సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు ఉంటుంది, అదే మందు ఇన్‌హేలర్లో ఒక పఫ్ 100 మైక్రోగ్రాములు. అంటే ఒక మాత్ర 40 పఫ్‌లకి సమానం. మాత్ర అంటే భయం లేదు మనకి, పఫ్ అంటే భయం!


రిటైర్డ్_లెక్కల_మాస్టారు:

చిరంజీవులకు ఆశీస్సులు. పిల్లలందరూ బాగా చెప్పారు. ముసలాడి మాట కూడా ఒకటి వినండి, మల్లేశ్వరంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను, వయసు 76, ఊరు అమలాపురం దగ్గర.

మనవాళ్ళు సంధ్యావందనంలో పశ్యేమ శరదశ్శతం, జీవేమ శరదశ్శతం అని ఎందుకన్నారో ఎప్పుడైనా ఆలోచించారా? నూరు వసంతాలు అనొచ్చు కదా. శరత్తు దాటడమే కష్టం, అది దాటితే ఏడాది గడిచినట్టే. వసంతాన్నీ శరత్తునీ కలిపి యమదంష్ట్రలు అన్నారు, యముడి కోరలన్నమాట, ఆ రెండు కాలాల్లోనే రోగాలు ఎక్కువ, అందుకే రెండిట్లోనూ నవరాత్రులు పెట్టి తిండి తగ్గించమన్నారని మా తాతగారు చెప్పేవారు. ఆయుర్వేదం వాళ్ళకి ఇంకో చమత్కారం ఉంది, వైద్యానాం శారదీ మాతా అని. వైద్యులకు శరత్తు తల్లి లాంటిదట, చేతినిండా పని పెడుతుంది గనక! మన గుంటూరు కుర్రాడి దగ్గు ఇవాళ్టిది కాదు, చాలా పాతది.

నేను నలభై ఏళ్ళుగా చేస్తున్నాను. నాకు తెలిసిన విషయం ఒకటే, కార్తీకంలో శీతలీ, సీత్కారీ చెయ్యకండి. అవి ఎండాకాలానివి, నోటితో చల్లగాలి లాగడం గొంతు పట్టినవాడికి అస్సలు కూడదు. ఉజ్జాయి మంచిది, గొంతు దగ్గర చిన్న ఒరిపిడితో వచ్చేది, గుర్రు పెట్టినట్టు కాదు, పక్కవాడికి వినపడితే అది ఉజ్జాయి కాదు.

కానీ ఫిజియో బాబుతో ఒక దగ్గర విభేదిస్తాను. బ్రాహ్మీ ముహూర్తాన్ని అలా తీసిపారెయ్యడం భావ్యం కాదు. ఆ వేళ ఉండే మనశ్శాంతి సాయంత్రం ఆరింటికి ఈ ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది?


ఫిజియో_అనంతపురం:

మాస్టారూ నమస్కారం. ముహూర్తాన్ని అనలేదు సార్, బాల్కనీని అన్నాను. బ్రాహ్మీ ముహూర్తం పెట్టినప్పుడు డీజిల్ లారీలు లేవు కదా. లేచి లోపల చేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు.


రిటైర్డ్_లెక్కల_మాస్టారు:

సరే, ఒప్పుకున్నాను. నేనూ పూజగదిలోనే చేస్తాను లెండి.


జిగణి_యోగా_అక్క:

మాస్టారూ ఏమీ అనుకోకండి, పూజగదిలో అంటే అగరొత్తులు, సాంబ్రాణి, కార్తీకం వస్తోంది కాబట్టి దీపాలు. తలుపు మూసి ఆ పొగలో ప్రాణాయామం చేస్తే బాల్కనీకీ దానికీ పెద్ద తేడా ఉండదు. ముందు ప్రాణాయామం, తర్వాత పూజ పెట్టుకోండి. మా క్లాసులో ఒక మామ్మగారి దగ్గు ఇలాగే తగ్గింది, మందు మార్చలేదు, వరస మార్చామంతే.


రిటైర్డ్_లెక్కల_మాస్టారు:

నలభై ఏళ్ళుగా ఎవరూ చెప్పలేదమ్మా ఈ మాట. మా ఆవిడ పక్కనుండి నవ్వుతోంది, నేను చెప్తూనే ఉన్నాను అంటోంది.


కరీంనగర్_క్యాబ్:

నేను ఎనిమిదేళ్ల నుంచి ఇక్కడ క్యాబ్ నడుపుతున్న. మీరందరు బాల్కనీ, చాప అంటున్నరు, నాకు అదేం లేదు, పొద్దుగాల నాలుగింటికి ఎయిర్‌పోర్ట్ ట్రిప్ ఉంటది, వచ్చి పడుకునేటప్పటికి రాత్రి పదకొండు. నాకు కూడ దగ్గు, ఆయాసం ఉండె, ఇన్‌హేలర్ పొద్దున రాత్రి తీస్కుంటున్న, డాష్‌బోర్డ్ మీద మాత్రం పెట్టకుండ్రి, ఎండకు వేడెక్కుతది, నేను బ్యాగుల పెట్టుకుంట.

నేను చేసేదేందంటే సిల్క్ బోర్డు సిగ్నల్ కాడ అద్దాలు మూసి, ఏసీ లోపలి గాలే తిరిగేటట్టు బటన్ పెట్టి, గా తుమ్మెద లెక్క సప్పుడు చేస్తా. కళ్లు మూయ, చేతులు స్టీరింగ్ మీదనే. సిగ్నల్ అంటే మూడు నాలుగు నిమిషాలు గ్యారంటీ కదా, గంతల పదిహేను సార్లు అయితది. ఒకసారి ప్యాసింజర్ మేడం భయపడ్డది, అన్నా ఏమైంది అని. చెప్పిన తర్వాత ఆమె కూడ వెనకాల గుమ్మ్ అని మొదలుపెట్టింది, ఇద్దరం నవ్వుకున్నం. కానీ లోపలి గాలి బటన్ ఎక్కువసేపు పెట్టొద్దు, నిద్రొస్తది, అర్ధగంటకొకసారి ట్రాఫిక్ తక్కువున్న దగ్గర అద్దం దించాలె.

దగ్గు పోయిందా అంటే పోలే. కోపం మాత్రం చాన తగ్గింది. హారన్ కొట్టుడు సగం అయింది.


పెరంబూర్_అమ్మ:

చెన్నై నుంచి రాస్తున్నా, మాకు ఐప్పసి, కార్తిగై అనే తమిళ నెలలంటే వానలు, గోడలకి చెమ్మ, మూలల్లో నల్ల బూజు. మా బాబుకి ఏడేళ్ళు, ఉబ్బసం. పిల్లలకి నాడీశోధన అంటే కూర్చోరు కదండి, మేం సబ్బునీళ్ళ బుడగలు ఊదిస్తాం, గట్టిగా ఊదితే పగిలిపోతుంది, మెల్లగా ఊదితేనే పెద్దదవుతుంది, వాడికి తెలియకుండానే పొడుగ్గా వదలడం వచ్చేసింది. కాగితం గాలిమర కూడా అంతే.

ఒక్క విషయం చెప్పాలనిపించింది, ఆవిరి పట్టేటప్పుడు జాగ్రత్త. పోయినేడు గిన్నె ఒలికి నా తొడ మీద పడింది, ఇంకా మచ్చ ఉంది. పిల్లల్ని అస్సలు ఆ గిన్నె దగ్గరికి రానివ్వకండి.

అలాగే నేతి చేసేవాళ్ళు కుళాయి నీళ్ళు వాడొద్దు. కాచి చల్లార్చిన నీళ్ళే, లీటరుకి 9 గ్రాముల ఉప్పు, అప్పుడు మండదు. ఆ పాత్ర కూడా కడిగి ఆరబెట్టాలి.

దీపావళికి మేం ఏడింటికే కిటికీలన్నీ మూసి తలుపు కింద తడి టవల్ పెడతాం. సుప్రీంకోర్టు 2018లో రోజు మొత్తానికి రెండు గంటలే కాల్చమంది, మా వీధిలో ఎవరు విన్నారు గనక. డాక్టర్ని ముందే అడిగి ఆ వారం ఇన్‌హేలర్ ఎలా వాడాలో రాయించుకుంటాం. మాట పూర్తిగా చెప్పలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా ప్రాణాయామం గీణాయామం ఏం వద్దండి, పఫ్ ఇస్తూ వెంటనే ఆస్పత్రికి.


గుంటూరోడు_మున్నెకొళాల:

అప్‌డేట్. లేట్ అయింది, సారీ, దీపావళి అయ్యాక రాద్దామని ఆగా.

స్పైరోమెట్రీ చేయించా. గొట్టంలోకి ఊదమని, పఫ్ ఇచ్చి పావుగంట కూర్చోబెట్టి మళ్ళీ ఊదమన్నారు. రెండోసారి అంకె బానే పెరిగింది, 12 శాతం, 200 మిల్లీలీటర్లు రెండూ దాటి పెరిగితే లెక్కలోకి తీసుకుంటారంట, నాది దాటింది. ఆస్థమానే అన్నాడు డాక్టర్, దగ్గు రూపంలో వచ్చే రకం. వినగానే కాస్త దిగులేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. రోజూ రెండుపూటలా వాడే ఇన్‌హేలర్ ఇచ్చారు, వాడాక నోరు పుక్కిలించి ఉమ్మమన్నారు, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తదంట. పోయినేడు ఈ మాట ఎవరూ చెప్పలా, నేను స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) లేకుండా నాలిక మీదే కొట్టుకున్నట్టున్నా సగం మందు.

కపాలభాతి, భస్త్రిక రెండూ మానేశా. సాయంత్రం ఏడున్నరకి బెడ్‌రూమ్‌లో కిటికీ మూసి పొట్ట శ్వాస, నాలుగు ఆరు, ఆఖర్న భ్రామరి. మొత్తం ఇరవై నిమిషాలు. మొదటి పది రోజులు ఏ తేడా తెలీలేదు. తర్వాత ఒక రాత్రి దగ్గుతో లేచి, మామూలుగా అయితే కంగారుపడి నోటితో గాలి లాగి లాగి ఇంకా దగ్గు తెచ్చుకునేవాణ్ణి, ఈసారి కూర్చుని పెదాలు ముడిచి మెల్లగా వదలడం మొదలెట్టా, పఫ్ తీసుకున్నా, నాలుగు నిమిషాల్లో సర్దుకుంది. మా ఆవిడ లేవలేదు. అది చాలు నాకు.

పీక్ ఫ్లో మీటర్ కొన్నా, పొద్దున సాయంత్రం మూడేసి సార్లు ఊది పెద్ద అంకె రాసుకుంటున్నా. మొదట 390 ఉండేది, ఇప్పుడు 460 దగ్గర ఆడుతోంది. మందు వల్లా శ్వాస వల్లా అంటే మందు వల్లే ఎక్కువ అన్నాడు డాక్టర్, శ్వాస మానొద్దు అని కూడా అన్నాడు. దీపావళి రాత్రి మాత్రం 400కి పడిపోయింది, రెండు రోజులకి లేచింది. క్యాబ్ అన్న చెప్పినట్టు ఆఫీస్ షటిల్‌లో భ్రామరి ట్రై చేశా, పక్క సీటాయన ఫోన్ వైబ్రేట్ అవుతోందనుకుని జేబు తడుముకున్నాడు.

అమ్మ వారం ఉండిపోదామని వచ్చింది. ఇన్‌హేలర్ చూసి మొహం మాడ్చింది, ఫిజియో అన్న చెప్పిన 40 పఫ్‌ల లెక్క చెప్పా, కాసేపు ఆలోచించి, మరి నాకా మాత్రలు రాస్తారేంట్రా ఏళ్ళ తరబడి అంది. తనకి కూడా ఆయాసం ఉందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. వచ్చే వారం తనని కూడా చూపిస్తున్నా.

ఎదురు ప్లాటులో వయ్యారిభామ పీకించమని కంప్లైంట్ పెట్టాం, ఇంకా ఎవరూ రాలేదు. పావురాలకి గింజలు ఆగిపోయాయి, వల కట్టిస్తానంటే ఓనర్ గోడకి మేకులు కొట్టొద్దు అంటున్నాడు. మేకులు లేకుండా వల కట్టేవాళ్ళు మారతహళ్ళి వైపు ఎవరైనా ఉంటే చెప్పండి.